ఎస్తెవెల్‌లో ఒక బెంగాలీ వాక్యం

మొదటి రోజు, జూలై 18

కోలిండేల్ స్టేషన్‌లో దిగి మ్యూజియం దాకా నడిచాం. లండన్ ఉత్తరాన హెండన్‌లో ఉన్న రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ఇది. టికెట్ లేదు. నేను, మా అబ్బాయి. వాడికి మొన్న మే నెలలో పంతొమ్మిది నిండాయి, ఇక్కడే డిగ్రీ చదువుతున్నాడు. వాడిని చూడటానికి వచ్చి, వాడితో కలిసి ఫ్రాన్స్‌లో ఎస్తెవెల్ అనే ఊళ్లో ఉన్న ఒక సమాధి దాకా వెళ్లి రావాలన్నది నా ఆలోచన. ఆ సమాధి ఇంద్రలాల్ రాయ్‌ది. మొదటి ప్రపంచయుద్ధంలో పది శత్రువిమానాలను కూల్చినట్టు లెక్కకెక్కిన కలకత్తా కుర్రాడు. ఐదు కూలిస్తే "ఏస్" అంటారు. భారతీయుల్లో ఆ మాట దక్కిన మొదటివాడు ఇతనే. చనిపోయేనాటికి ఇతనికీ పంతొమ్మిదే.

మా నాన్న ఎయిర్‌ఫోర్సులో ఇంజన్ ఫిట్టర్. రాయ్ పేరు నేను మొదట విన్నది ఆయన నోటే. రిటైరయ్యాక అల్వాల్‌లో ఇల్లు కట్టుకున్నారు. 1998లో రాయ్ శతజయంతికి తపాలా శాఖ వేసిన స్టాంపు కొని, దాన్ని ఏ ఉత్తరానికీ అంటించకుండా డైరీలో దాచుకున్నారు.

మ్యూజియంలో రాయ్ నడిపిన రకం విమానం ఉంది: ఎస్‌.ఈ.5ఏ. ఫొటోల్లో చూసి పెద్దదనుకున్నాను. దగ్గరికెళ్తే ఆటోరిక్షాకి రెక్కలు కట్టినట్టుంది. చెక్క చట్రం, దాని మీద బిగించి లాగిన గుడ్డ, ఆ గుడ్డకు పూసిన రంగు, అంతే. ముందు మాత్రం బరువైన వి-8 ఇంజన్. పైలట్ కూర్చునే గుంత అంచున తోలు కుట్టి ఉంది. తల బయటికే ఉంటుంది, గాలికి ఎదురుగా. పదిహేను వేల అడుగుల ఎత్తున, ఆక్సిజన్ లేకుండా, ఆ చలిలో రెండేసి గంటలు ఎగరాలి. ముఖం చీలిపోకుండా తిమింగలం కొవ్వు రాసుకునేవాళ్లట.

రెండు మెషీన్ గన్‌లు. ఇంజన్ పక్కనున్న వికర్స్ గన్ గుళ్లు తిరిగే ప్రొపెల్లర్ రెక్కల సందుల్లోంచి పోవాలి. ఒక్క గుండు అటూ ఇటూ అయితే తన ప్రొపెల్లర్‌ను తనే కొట్టుకుంటాడు. ఆ రెంటికీ లంకె కుదిర్చే నూనె గొట్టాల ఏర్పాటు కాన్‌స్టాంటినెస్కు అనే రుమేనియా ఇంజనీరుది. నాన్న దీన్ని చేత్తో చూపించి చెప్పేవారు: ఎడమచేతి వేళ్లు ప్రొపెల్లర్‌లా తిప్పుతూ, కుడిచేతి చూపుడువేలు ఆ సందుల్లోకి పొడుస్తూ. మావాడికి అలాగే చూపించాను. వాడు ఒకసారి నవ్వి, తర్వాత తనూ వేళ్లతో చేసి చూశాడు.

రెండోది పై రెక్క మీద ఉండే లూయిస్ గన్. దాని డ్రమ్ములో 97 తూటాలు. అవి అయిపోతే వంపు తిరిగిన పట్టా మీదుగా గన్‌ను కిందికి లాక్కుని, ఖాళీ డ్రమ్ము ఊడబెరికి, కొత్తది తగిలించి మళ్లీ పైకి తొయ్యాలి. ఒక చెయ్యి దీనికే సరి. విమానం నడిపే కడ్డీని మోకాళ్ల మధ్య పట్టుకోవాలి. వెనక ఎవడో తరుముతుంటాడు. ఆ వంపు పట్టా కింద చాలాసేపు నిలబడ్డాను. పది విజయాలు అని చదివినప్పుడు అంకెగానే కనిపించింది. ఇక్కడ నిలబడ్డాకే అది చేతులతో చేసిన పని అని తెలిసింది.

ఇంకొక విమానం కోసం వెతికాం. డి.హెచ్.9ఏ, నంబరు ఎఫ్1010. బాంబులు వేసేది. దీనికీ మనకీ నేరుగా చుట్టరికం ఉంది. 1918లో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కి మొదటి విడత విమానాలు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతోనే వచ్చాయి. అందుకే దాన్ని హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్నారు. ఈ విమానం పేరు "హైదరాబాద్ నంబర్ 12ఏ". 1918 అక్టోబర్ 5న జర్మనీ మీదికి వెళ్లి శత్రువుల నేల మీదే దిగాల్సి వచ్చింది. జర్మన్లు బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో అది పోలండ్ చేరింది. 1977లో స్పిట్‌ఫైర్ అనే రెండో యుద్ధకాలపు విమానాన్ని బదులిచ్చి దీన్ని తిరిగి తెచ్చుకున్నారు.

"నిజాం డబ్బు" అని రాసేస్తాం గానీ ఆ డబ్బు ఎవరిది? శిస్తు కట్టిన రైతులది. మా నాన్న వైపు తాతలు నల్గొండ జిల్లాలో మెట్టసేద్యం చేసినవాళ్లే. వాళ్లు పండించిన ఆముదాలకీ ఈ యుద్ధంతో సంబంధం ఉంది. ఆనాటి కొన్ని యుద్ధవిమానాల్లో ఇంజన్ మొత్తం ప్రొపెల్లర్‌తో పాటే గిర్రున తిరిగేది. వాటిలో కందెనగా పోసింది ఆముదమే. పెట్రోలులో కలవదు, వేడికి తొందరగా విరగదు. తిరిగే ఇంజన్ ఆ ఆముదాన్ని పొగగా పైలట్ ముఖం మీద చిమ్మేది. అది మింగి మింగి వాళ్లకు కడుపు చెడిపోయేది. రాయ్ విమానంలో ఆ రకం ఇంజన్ లేదు. కానీ బెంగాల్ పిల్లాడికీ మా ఊరి చేలకీ మధ్య దూరం నేననుకున్నంత లేదని ఇక్కడ అనిపించింది.

రెండో రోజు, జూలై 19

ఇవాళ్టి తారీఖున, 1918లో, రాయ్ తన పదో విమానాన్ని కూల్చాడు. మేం మాత్రం హామర్‌స్మిత్ రోడ్డు మీద ఒక గోడ పక్కన నడుస్తున్నాం.

రాయ్ చదివిన సెయింట్ పాల్స్ స్కూలు అప్పట్లో ఇక్కడే ఉండేది. 1968లో థేమ్స్ అవతలికి, బార్న్స్‌కి మారిపోయింది. ఎర్ర ఇటుకల పెద్ద భవనాన్ని పడగొట్టారు. రోడ్డు వైపు ప్రహరీ, ప్రధానోపాధ్యాయుడి ఇల్లు మిగిలాయి. లోపల పార్కు. పిల్లలు జారుడుబల్ల దగ్గర అరుస్తున్నారు. బెంచీ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం.

1898 డిసెంబర్ 2న కలకత్తాలో పుట్టాడు ఇంద్రలాల్. తండ్రి పియారీలాల్ రాయ్ బారిస్టర్. తల్లి లలితా రాయ్. ఇంట్లో, స్నేహితుల్లో ఇతన్ని "లాడీ" అనేవాళ్లు. పిల్లల చదువుల కోసం కుటుంబం లండన్‌లో ఉంది. 1911 జూన్‌లో మహిళల ఓటుహక్కు కోసం లండన్‌లో జరిగిన పెద్ద ఊరేగింపులో చీరలు కట్టుకుని నడిచిన భారతీయ స్త్రీలలో లలితా రాయ్ ఒకరు. ఆ ఫొటో నా ఫోన్‌లో ఉంది. తనకే ఓటు లేని దేశంలో, తన దేశాన్ని ఏలుతున్న వాళ్ల నడిబొడ్డున చీరతో నడిచిన మనిషి, మూడేళ్ల తర్వాత యుద్ధమొస్తే కొడుకులను పంపింది. పెద్దవాడు పరేశ్ లాల్ కూడా సైన్యంలో చేరాడు. తిరిగొచ్చి మన దేశంలో బాక్సింగ్‌కి ఆద్యుడయ్యాడు. చిన్నవాడు రాలేదు. ఆమె మనసులో ఏముండేదో ఊహించే హక్కు నాకు లేదు. కానీ పార్కులో పక్కన కూర్చుని పులిహోరలో పల్లీలు ఏరుకు తింటున్న వాణ్ని చూస్తూ ఆమె గురించే ఆలోచించాను.

స్కూల్లో ఉండగానే లాడీ కందకాల్లో వాడే మోర్టారు, అంటే గుండ్లు ఎగరేసే చిన్న ఫిరంగి, ఒకటి గీసి యుద్ధశాఖకు పంపాడట. ఆక్స్‌ఫర్డ్‌లో చదివే అవకాశం చేతిలో ఉంది. అది వద్దనుకుని బ్రిటిష్ సైన్యపు విమాన విభాగమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌కి అర్జీ పెట్టాడు. కళ్లు సరిగా లేవని తిప్పి పంపారు. తన మోటార్‌సైకిల్ అమ్మి, ఆ డబ్బుతో పేరున్న కంటి డాక్టరు దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకుని, పనికొస్తాడని రాయించుకున్నాడని చెబుతారు. 1917 ఏప్రిల్‌లో చేరాడు, జూలై 5న సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు.

"బండి అమ్మేశాడా?" అన్నాడు మావాడు. ఇంతవరకూ చెప్పినవాటిలో వాడికి బాగా తగిలింది అదే.

చేరాలనుకోవడం వేరు, చేర్చుకోవడం వేరు. రంగు తక్కువ వాళ్లకు ఆకాశంలో చోటెక్కడిదన్నది అప్పటి ధోరణి. హర్దిత్ సింగ్ మాలిక్ అనే సిక్కు యువకుణ్ని కూడా మొదట కాదన్నారు. ఆయన ఫ్రాన్స్ వెళ్లి అంబులెన్స్ నడిపాడు. ఫ్రెంచివాళ్లు మా వాయుసేనలోకి రా అన్నాక, ఆక్స్‌ఫర్డ్ గురువు ఉత్తరం రాశాక, అప్పుడు తీసుకున్నారు. తలపాగా తియ్యనంటే దాని మీద సరిపోయేలా పెద్ద హెల్మెట్ కుట్టించారు. కాల్లో తూటాలతోనే బతికి బయటపడి, స్వతంత్రం వచ్చాక అదే ఫ్రాన్స్‌కి మన రాయబారిగా వెళ్లాడు. వెలింకర్ అనే బొంబాయి యువకుడు, సేన్ అనే మరో బెంగాలీ కూడా ఆ రోజుల్లో ఎగిరారు. సేన్ బందీ అయ్యాడు, వెలింకర్ ఫ్రాన్స్ నేలలోనే ఉండిపోయాడు. వీళ్ల నలుగురి పేర్లు మన బడి పుస్తకాల్లో నేనెప్పుడూ చూడలేదు. ముప్పయ్యేళ్లు సోషల్ పాఠాలు చెప్పిన దాన్ని, ఆ బాధతోనే ఈ మాట రాస్తున్నాను.

మూడో రోజు, జూలై 20

సెయింట్ పాంక్రాస్‌లో యూరోస్టార్ రైలు ఎక్కాం. గంటన్నరలోపే లీల్. సముద్రం కింద ఉన్నంతసేపూ కిటికీలో మన ముఖాలే కనిపిస్తాయి. లీల్‌లో ఎమ్మెస్ చదువుతున్న గోదావరిఖని కుర్రాడొకడు స్టేషన్‌కి వచ్చాడు. మావాడి స్నేహితుడికి అన్న. "ఆంటీ, రెండు రోజులు కారు నాది, నడపడం నాది, డీజిల్ మాత్రం మీది" అన్నాడు. రాత్రి వాడి గదిలో పప్పుచారు కాచాను. ఇక రాయడానికేమీ లేదు ఈ రోజు.

నాలుగో రోజు, జూలై 21

పొద్దున్నే నూవ్ షపెల్ వెళ్లాం. ఫ్రాన్స్, బెల్జియంలలో చనిపోయి సమాధి కూడా దక్కని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఇక్కడ గుండ్రటి గోడ మీద చెక్కారు. తామరపువ్వు తలకట్టుతో ఎత్తైన స్తంభం, రెండు రాతి పులులు, మన కోటల్లో ఉండే జాలీ కిటికీలు. సిపాయి, హవల్దార్, సుబేదార్, వరసగా. చుట్టూ బంగాళదుంప చేలు. ఇక్కడ నిలబడితే రాయ్ ఒక్కడి కోసం ఇంత దూరం రావడం సబబేనా అనిపించింది. ఆకాశంలో పోరాడినవాడికి ఫొటో ఉంది, పతకం ఉంది, కథ ఉంది. బురదలో పోయినవాడికి గోడ మీద ఒక వరస. ఆ గోడ మొత్తం చదవాలని మొదలుపెట్టి, సగంలో కాళ్లు లాగి కూర్చున్నాను. మావాడు మిగతాది చదివొచ్చాడు.

అక్కడికి దగ్గర్లోనే లవాంతీ. సైనిక శ్మశానంలో జార్జ్ మెక్ఎల్రాయ్ సమాధి. ఐర్లండ్ వాడు, 47 విజయాల యోధుడు. 40వ స్క్వాడ్రన్‌లో రాయ్‌ని తన దళంలోకి తీసుకుని పని నేర్పిన గురువు.

రాయ్‌కి గురువెందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలి. 1917 అక్టోబర్ చివర మొదట 56వ స్క్వాడ్రన్‌లో వేశారు. డిసెంబర్ 6న విమానం కూలింది. ఒంట్లో చలనం లేదు. చనిపోయాడనుకుని శవాల గదిలో పెట్టారని, అతను లేచి తలుపు బాదితే కాపలావాడు జడుసుకుని వెంటనే తియ్యలేదని కథగా చెప్పుకుంటారు. ఆసుపత్రిలో నెలల తరబడి ఉన్నాడు. అక్కడ చేసిన పని బొమ్మలు గియ్యడం. పెన్సిలుతో విమానాలు, విమానాలే. వాటిలో కొన్ని ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియానికి చేరాయి. డాక్టర్లు ఇక ఎగరడానికి పనికిరావన్నారు. ఇంటికి పోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. అతను అధికారులను వదలకుండా బతిమాలి, ఒప్పించి, 1918 జూన్‌లో మళ్లీ కాక్‌పిట్‌లో కూర్చున్నాడు.

నా కొడుకైతే వెళ్లనిచ్చేదాన్ని కాదు. ఈ మాట కారులో పైకే అన్నాను. ముందు సీట్లో ఉన్న ఇద్దరూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నం సెయిం పోల్ దగ్గర బ్రియా. 40వ స్క్వాడ్రన్ మకాం ఇదే. గోధుమ కోతకొచ్చింది. ఎయిర్‌ఫీల్డ్ అంటే అప్పుడూ ఇలాంటి పచ్చికమైదానమే, కాన్వాస్ షెడ్లు. పడమటి గాలి బలంగా వీస్తోంది. నాన్న చెప్పిన విషయం గుర్తొచ్చింది: ఈ గాలి బ్రిటిష్ పైలట్లను తూర్పుకి, శత్రువు వైపుకి తోసుకుపోతుంది. పోరు ముగిశాక తగ్గిన పెట్రోలుతో, దెబ్బతిన్న విమానంతో ఎదురుగాలిలో తిరిగి రావాలి. వాళ్లకు పారాచూట్ కూడా ఇవ్వలేదు. నిఘా బెలూన్లలో ఉండేవాళ్లకు ఇచ్చారు. జర్మన్ పైలట్లకు ఆ వేసవిలోనే రావడం మొదలైంది. విమానం అంటుకుంటే వీళ్లకు దారి లేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఈ గడ్డి మీంచే జూలై 6న లేచి మొదటి విమానాన్ని కూల్చాడు రాయ్. 8న నాలుగు గంటల్లోపే మూడు. 13న రెండు, 15న రెండు, 18న ఒకటి, 19న కాన్యికూర్ మీద ఒకటి. పద్నాలుగు రోజులు. డిసెంబర్‌లో ఒక్క విజయమూ లేకుండా కూలిపోయినవాడు, మెక్ఎల్రాయ్ పక్కన ఎగిరాక ఇలా అయ్యాడు. నేర్పేవాడి విలువ అక్కడ కనిపిస్తుంది.

ఐదో రోజు, జూలై 22

పొద్దున అరాస్‌లో వాయుసేన స్మారకం. సమాధి దొరకని దాదాపు 1,000 మంది వైమానికుల పేర్లు, పైన ఒక గోళం. కట్టింది లట్యెన్స్. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్, మన నిజాం కోసం హైదరాబాద్ హౌస్ కట్టింది ఆయనే. మెక్ఎల్రాయ్‌కి గురువైన మిక్ మానక్ పేరు ఇక్కడ ఉంది. రాయ్ జూలై 22న పోయాడు, మానక్ 26న, మెక్ఎల్రాయ్ 31న. పది రోజుల్లో గురువు, గురువుకి గురువు, శిష్యుడు.

లాన్స్ దాటుతుంటే గోదావరిఖని కుర్రాడు కారు పక్కకి తీశాడు. లూస్ దగ్గర రెండు నల్లటి గుట్టలు, పక్కపక్కనే, పిరమిడ్లలా. బొగ్గు తవ్వి పోసిన మట్టి. ఇక్కడ చివరి గని 1990లో మూతపడింది. ఇప్పుడీ గనుల ప్రాంతం యునెస్కో జాబితాలో ఉంది. "మా ఓబీ డంపులు ఇట్లనే ఉంటయి ఆంటీ. మా నాయన చూస్తే సింగరేణి అనే అనుకుంటడు" అన్నాడు. ఫొటో తీసి వాళ్ల నాన్నకి పంపాడు. పైనుంచి చూసే పైలట్లకు ఇలాంటి గుట్టలే దారి గుర్తులు అయ్యుంటాయి. ఈ ప్రాంతంలో తూర్పు వైపంతా అప్పుడు జర్మన్ల చేతిలోనే ఉంది.

కార్విన్ ఊరి మీద, 1918 జూలై 22న, జర్మన్ల 29వ దళానికి చెందిన ఫాకర్ డి-7 విమానాలతో గాలిలో జరిగిన పోరులో రాయ్ విమానం నేలకూలింది. ఆ సెప్టెంబర్‌లో డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే శౌర్యపతకం ప్రకటించారు. అది అందుకున్న మొదటి భారతీయుడు, తను లేకుండానే. "పదమూడు రోజుల్లో తొమ్మిది విమానాలు" అని ఆ ప్రకటనలో రాశారు.

ఎస్తెవెల్ చిన్న ఊరు. ఊరి శ్మశానంలోనే, ఫ్రెంచి కుటుంబాల సమాధుల మధ్య ఉన్నాడతను. మాతో పాటు ఒక పెద్దామె మాత్రమే ఉంది, తన వాళ్ల సమాధి దగ్గర పూలకు నీళ్లు పోస్తూ. కొంచెం వెతికాక దొరికింది. రాతి మీద పేరు, తారీఖు. ఫ్రెంచిలో ఒక వాక్యం: తను ప్రేమించిన ఆశయం కోసం మరణించాడని. దాంతో పాటు బెంగాలీ అక్షరాలు.

ఉత్తర ఫ్రాన్స్ పల్లెటూళ్లో బెంగాలీ. నాకు ఆ లిపి రాదు. ఫొటో తీసి అల్వాల్‌లో మా పక్కింటి దీదీకి పంపాను. ఆమె భర్త కూడా ఎయిర్‌ఫోర్సే. హైదరాబాద్‌లో సాయంత్రం అయి ఉంటుంది. మేం ఊళ్లో కొన్న పసుపు గులాబీలు రాతికి ఒక జానెడు ఇవతల నేల మీద పెట్టాం. నాన్న డైరీలోని స్టాంపు తీసి మావాడికి చూపించాను. వాడు రాతి మీద పడిన ఎండుటాకు తీయబోయాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది, దీదీ వాయిస్ మెసేజ్.

"మహాబీరేర్ షొమాధి. షొంభ్రొమ్ దేఖావ్, స్పర్శో కోరో నా." ఆమె గొంతు మధ్యలో ఆగి, మళ్లీ అందుకుంది. తర్వాత హిందీలో అర్థం చెప్పింది: మహావీరుడి సమాధి, మర్యాద చూపండి, తాకకండి. మన సంభ్రమమే అది, వాళ్ల భాషలో గౌరవం అయింది.

మావాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెద్దామె నీళ్ల డబ్బా కింద పెట్టి మా వైపు చూసింది, అదే భాషా అని చేత్తోనే అడిగింది, రాయి వైపు చూపిస్తూ. అవునన్నాను. మళ్లీ వినిపించమని సైగ చేసింది. ఫోన్ శబ్దం పెంచి, ఆ రాతి ముందు దీదీ గొంతు ఇంకోసారి పెట్టాను.